పైమనిషి

ఆ వేసవి మొదలైన రోజు నుంచీ నాకు కావలసింది ఒక్కటే. మా అక్క మీద బావ చెయ్యి పడకూడదు. అంతకు మించి కోరిక లేదు. దాని కోసం నేనేమైనా చేశానా అంటే, ఏమీ చెయ్యలేదు. కూర్చుని కోరుకున్నాను. కోరుకోవడానికి ఒళ్ళు వంచక్కర్లేదు కదా.

మేం ముగ్గురం రేవు వెనక సందులో, పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు పైన రెండు గదుల్లో ఉండేవాళ్ళం. ముందు గది నాది. నాతోపాటు తాళ్ళది, డబ్బాలది, తుపాకులది. లోపలి గది వాళ్ళిద్దరిది. మధ్యలో చెక్క గోడ. ఆ గోడ ఎంత పల్చనంటే, అవతల బావ ఆవలిస్తే ఇవతల నాకు నిద్ర వచ్చేది. మిగతా చప్పుళ్ళు ఎలా వినిపించేవో వేరే చెప్పనక్కర్లేదు.

బావని రేవులో అందరూ పెద్దూపిరి అనేవారు. ఒక్క ఊపిరితో మూడు నిమిషాలు నీళ్ళ కింద ఉండగలిగేవాడు. సిలిండర్లూ అవీ మాకు లేవు. ముఖానికి అద్దం, ఒంటికి రబ్బరు చొక్కా, కాళ్ళకి రబ్బరు రెక్కలు, రబ్బరు సాగదీసి ఈటె వదిలే తుపాకీ. అంతే మా సరంజామా. రాతి దిబ్బల దగ్గర దిగి చేపల్ని కొట్టుకొచ్చి, రేవులో మంచు పెట్టెలవాడికి వేసేవాళ్ళం. నాలుగేళ్ళ కిందట అమ్మ పోయాక అక్క నన్ను తన ఇంటికి తెచ్చుకుంటే, నా చేత ఆ పని పట్టించింది బావే. మొదటి నెల్లో నేను మింగిన ఉప్పునీళ్ళకి ఇప్పటికీ నాలిక మీద రుచి తెలీదు.

ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు. మా బావ ఆ సామెతకి లొంగే రకం కాదు. ఇంట్లోనూ పులే, వీధిలోనూ పులే. నీళ్ళలోకి దిగితే మాత్రం తల్లి. నేనీ మాట ఇప్పుడు కక్కలేక మింగలేక చెబుతున్నాను.

మా పద్ధతి ఇది. ఒకడు కిందికి దిగితే ఒకడు పైన ఉండాలి. పైవాడు నీళ్ళ మీద బోర్లా తేలుతూ, నోట్లో గొట్టంతో ఊపిరి తీసుకుంటూ, కిందివాడి మీంచి చూపు తియ్యకూడదు. అతన్ని పైమనిషి అంటాం. పైమనిషి నడుముకి జానెడు ఇనప గొట్టం వేలాడుతూ ఉంటుంది. కిందివాడికి కనబడని గండం ఏదైనా పైనుంచి కనబడితే, కత్తి పిడితో దాని మీద మూడు దెబ్బలు కొట్టాలి. నీళ్ళలో ఆ చప్పుడు పుర్రె లోపల కొట్టినట్టు మోగుతుంది. పడవలో కూర్చున్నవాళ్ళకి కూడా అడుగు చెక్కల్లోంచి వినిపిస్తుంది. మూడు దెబ్బలు విన్నాక కిందివాడు ఆలోచించకూడదు. చేపని వదిలెయ్యాలి, తుపాకీ వదిలెయ్యాలి, రెండు చేతులూ చంకల్లో దోపుకుని, వీపు రాతికి ఆనించి కదలకుండా నిలబడాలి.

ఇదంతా ఈటెచేప కోసం. చదువుకున్నవాళ్ళు దాన్ని బరాకుడా అంటారు. మనిషి కాలంత పొడుగు, ఒళ్ళంతా వెండి, కింది దవడ ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. నోరు మూసుకోవడం దానికి రాదు. పళ్ళు ఒకటి పొడుగు ఒకటి పొట్టి, తొందర్లో దిగ్గొట్టిన మేకుల్లా ఉంటాయి. నీళ్ళలో పని లేనట్టు నిలబడి మనిషినే చూస్తూ ఉంటుంది. మనం కదిలితే కదులుతుంది, ఆగితే ఆగుతుంది. నిజానికి దానికి మనిషితో పని లేదు. మనిషి దగ్గర తళుక్కుమనేదానితో పని. తళుక్కుమంటే దానికి చిన్నచేప పక్కకి తిరిగినట్టే. అందుకే ఈటెలకి తారు పూస్తాం, కత్తికి నల్ల టేపు చుడతాం, ఉంగరమైనా వాచీ అయినా పడవలో రేకు డబ్బాలో పడేసి దిగుతాం. అది దూకేటప్పుడు కంటికి కనబడదు. అంతకు ముందు ఎక్కడుందో, తరవాత ఎక్కడుందో అంతే కనబడుతుంది. మధ్యలో ఏదో ఒకటి తెగిపోయి ఉంటుంది.

ఆ ఏడు నీళ్ళు ముందే తేటపడ్డాయి. తేట నీళ్ళతోపాటు ఈటెచేపలు గుంపులుగా వచ్చాయి.

మొదటి వారంలోనే ఒకసారి నేను కింద ఉన్నాను, బావ పైన. ఆరు బారల లోతున రాతి సందులో దాక్కున్న చేపని కొట్టాను. ఈటె ఒక దవడలోంచి దిగి రెండో దవడలోంచి వచ్చింది. గిలగిలా కొట్టుకుంటోంది. ఆ లోతులో నెత్తురు ఎర్రగా ఉండదు, ఆకుపచ్చగా ఉంటుంది. ఆ పచ్చటి పొగలో చేపని లాక్కుంటూ ఉండగా పుర్రెలో మూడు దెబ్బలు మోగాయి. చేతులు వాటంతటవే చంకల్లోకి వెళ్ళాయి. వీపు రాతికి తగిలేలోపు ముఖం ముందు నుంచి గాలివాన లాంటిదేదో పోయింది. నీళ్ళు తేరుకున్నాక చూస్తే ఈటె చివర నా చేప తల మాత్రం ఉంది. తల ఇంకా నోరు తెరుస్తోంది, మూస్తోంది.

పడవ ఎక్కాక నా పళ్ళు టకటకలాడుతుంటే బావ ఒకటే నవ్వు.

"బామ్మర్దీ, నీ పెళ్ళికి రెండు చేతులూ మిగిల్చాను రా. మర్చిపోకు!"

"పెళ్ళికూతురు ఎక్కడుంది బావా?"

"చేతులుంటే అదే వస్తుంది లే."

అక్క కూడా నవ్వింది. పడవలో అక్క పని చాలా ఉండేది. తెడ్డు పట్టాలి, అడుక్కి అద్దం బిగించిన చెక్క పెట్టె నీళ్ళలో ముంచి మా ఇద్దర్నీ చూస్తూ ఉండాలి, మేం పైకి విసిరిన చేపని దుడ్డుకర్రతో తల మీద ఒక్కటి వేసి చంపాలి. ఒక్కటే వేసేది. రెండోది ఎప్పుడూ అక్కర్లేకపోయేది. చిన్నప్పుడు చీమని కూడా పక్కకి ఊదేది, ఆ మనిషే ఈ మనిషి.

అదే రోజు సాయంత్రం, తాళ్ళకి ఉప్పు కడగలేదని బావ అక్కని కొట్టాడు. నన్ను చావులోంచి లాగి పట్టుమని ఆరు గంటలు కాలేదు. మొదట చెంపదెబ్బ వినిపించింది. తరవాత ఏదో చెంబు దొర్లింది. తరవాత తల గోడకి తగిలిన చప్పుడు. ఆ దెబ్బకి నా వైపు మేకుకి వేలాడుతున్న అద్దాలు ఊగాయి. నేను ఒక తుపాకీ, రబ్బరు చుట్టా తీసుకుని మెట్ల మీదకి వెళ్ళి కూర్చున్నాను. పాత రబ్బరు తీసి కొత్తది బిగించడం చాలా శ్రద్ధగా చెయ్యాల్సిన పని. ఆ వేసవిలో మా తుపాకులకున్నంత కొత్త రబ్బరు రేవులో ఎవరి తుపాకీకీ లేదు.

నాకు నేను చెప్పుకోవడానికి మాటలు బోలెడు. ఆలుమగల మధ్య తల దూర్చకూడదు. అక్కే నోరెత్తట్లేదు, కందకి లేని దురద కత్తిపీటకెందుకు? పైగా తింటున్నది బావ కూడు. పైగా బావ నాకంటే జానెడు పొడుగు. ఈ చివరిది అన్నిటికంటే నిజం. నాకు భయం. పెద్దూపిరి చెయ్యి నా మీద పడితే ఎలా ఉంటుందో గోడ ఇవతల కూర్చుని వినీ వినీ నాకు తెలుసు.

ఒకసారి అక్క నీళ్ళబిందె పట్టుకుని మెట్లు దిగుతూ నా పక్కన ఆగింది. కింది పెదవి చిట్లి ఉంది.

"రబ్బరు అయిందా?" అంది.

"అయిపోతోంది" అన్నాను.

ఇంకేమైనా అంటానేమోనని అలాగే కాసేపు నిలబడింది. నేను ముడి బిగిస్తున్నాను. తరవాత బిందె చంకకెత్తుకుని వెళ్ళిపోయింది.

వేసవి సగమయ్యేసరికి అది వారానికి రెండుసార్లయింది. చేప బాగా పడిన రోజున కొట్టేవాడు, పడని రోజున కొట్టేవాడు. కారణాలు వెతుక్కోవడం కూడా మానేశాడు. ఓ శుక్రవారం పొద్దు వాలకముందే, ముగ్గురం కంచాల ముందు కూర్చున్నాం. అక్క వడ్డించడం అయ్యాక తను కూర్చోలేదు.

"పక్క ఊళ్ళో వలలల్లే కార్ఖానాలో మనుషులు కావాలన్నారు. మేస్త్రమ్మతో మాట్లాడాను. ఉండటానికి గది కూడా వాళ్ళే ఇస్తారు. సోమవారం వెళ్తున్నాను" అంది.

బావ ముద్ద నమిలి మింగాడు. "ఎన్నాళ్ళకి?"

"ఎన్నాళ్ళకీ లేదు. వెళ్తున్నాను."

"ఎవర్ని అడిగి?"

"అడగడానికి కాదు, చెప్పడానికే చెబుతున్నా."

బావ లేచి, నా తల మీంచి చెయ్యి చాపి అక్కని కొట్టాడు. అంత దగ్గర. అక్క గోడకి కొట్టుకుని కిందపడింది. జుట్టు పట్టుకుని లేపి లోపలి గదిలోకి ఈడ్చుకుపోయాడు. నేను ఎంగిలి చేత్తో లేచాను. గుమ్మం దాకా వెళ్ళాను. చెబుతున్నాను కదా, గుమ్మం దాకా వెళ్ళాను. లోపల బావ మోకాలు అక్క వీపు మీద ఉంది. అక్క మెళ్ళో సన్నటి గొలుసు, మా అమ్మది, పిడికిట్లో పట్టి గుంజుతున్నాడు. గొలుసు తెగలేదు, మెడ తెగింది. కొక్కెం ఊడొచ్చింది.

"పో! పోతానన్నావుగా, పో! ఇది నా మెళ్ళో ఉంటుంది. మొగాళ్ళెవరైనా ఉంటే వచ్చి తీసుకోమను!"

ఆ మాట నా వైపు చూసే అన్నాడు. గొలుసు తన మెళ్ళో వేసుకుని కొక్కెం తగిలించాడు. నేను వెనక్కి తిరిగి, చెయ్యి కడుక్కుని, తుపాకులు రెండూ పట్టుకుని మెట్ల మీదకి వెళ్ళాను. మార్చడానికి కొత్త రబ్బరు ఇక మిగల్లేదు. ఉన్నదాన్నే ఊడదీసి మళ్ళీ కట్టాను. అప్పుడు ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను, ఇంకెందుకూ కాదు.

మర్నాడు పొద్దున్న ముగ్గురం పడవ ఎక్కాం. ఎలా ఎక్కారయ్యా అంటే, నీళ్ళు తేటగా ఉన్నాయి కాబట్టి ఎక్కాం. అక్క ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది. "సోమవారం దాకా నా పని నేను చేస్తా" అని తెడ్డు అందుకుంది.

దిబ్బ దగ్గర బావ ఎప్పట్లాగే అన్నీ సరిచూశాడు. నా కత్తి టేపు ఓ చోట లేచి ఉంటే, "ఇదేంట్రా, చచ్చిపోదామనా?" అని తిట్టి, పళ్ళతో కొత్త టేపు తుంచి తనే చుట్టాడు. నా నడుముకి ఇనప గొట్టం ఉందో లేదో లాగి చూశాడు. తన వాచీ తీసి రేకు డబ్బాలో వేశాడు. ఆవిరి పట్టకుండా ముఖం అద్దంలో ఉమ్మేసి తుడవడానికి వంగినప్పుడు రబ్బరు చొక్కా కాలరు వెనక గొలుసు కొక్కెం కనబడింది. ఇన్నేళ్ళలో మెళ్ళో ఏమీ వేసుకున్న మనిషి కాదు. మర్చిపోయాడు. అందరి ఒళ్ళూ తడిమి చూసేవాడు తన ఒళ్ళు మర్చిపోయాడు.

చెప్పాలనే అనుకున్నాను. తలెత్తితే అక్క మూసుకుపోయిన కన్ను కనబడింది. నోట్లో గొట్టం పెట్టుకున్నాను.

బావ దిగాడు. నేను పైన బోర్లా తేలుతున్నాను. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే ఆరు బారల కింద అతని రెక్కల మీద గీతలు కూడా కనబడుతున్నాయి. గొట్టంలో నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది. పీల్చినప్పుడు ఒక చప్పుడు, వదిలినప్పుడు ఒక చప్పుడు.

నిమిషం దాటాక ఒక పెద్ద చేపని కొట్టాడు. తొడంత చేప. ఈటె పక్కలో దిగింది కానీ చావలేదు. ఈటెకి కట్టిన తాడుని రాతి చుట్టూ చుట్టేస్తోంది. బావ కాళ్ళు రాతికి తన్నిపెట్టి లాగుతున్నాడు. పచ్చటి పొగ లేచింది. అప్పుడు వెనకవైపు నీలంలోంచి ఈటెచేపలు వచ్చాయి. పదో పన్నెండో. వాటి ముందు ఒకటి, మిగతావాటికి తాతలాంటిది. వచ్చి ఆగాయి. బావ వీపు వాటి వైపు ఉంది.

నడుముకున్న ఇనప గొట్టం మీదకి నా చెయ్యి వెళ్ళింది. కత్తి పిడి పట్టుకున్నాను కూడా.

బావ విసురుగా లాగడంతో గొలుసు కాలర్లోంచి బయటికి జారింది. నీళ్ళలో బరువు లేనట్టు పైకి తేలి, భుజం పక్కన ఆడింది. ఎండ అంత లోతుకి కూడా దిగుతుంది. తళుక్కుమంది. మళ్ళీ తళుక్కుమంది. ఆ పెద్దది ఒళ్ళు బిగబట్టడం చూశాను. ఒంటి మీద నల్ల మచ్చలు లేచాయి. దూకే ముందు అలా అవుతుంది.

ఊపిరి పీల్చాను. వదిలాను.

ఇంకోసారి పీల్చాను. వదిలాను.

కత్తి పిడి గొట్టానికి బెత్తెడు దూరంలో ఉంది. దాన్ని ఎవరూ పట్టుకోలేదు. నేనే పట్టుకున్నాను.

మెడ పక్కన ఏదో ఆడుతోందని బావకి తెలిసినట్టుంది. తుపాకీ వదిలి కుడిచెయ్యి గొలుసు మీద వేశాడు. ఆ చెయ్యి అక్కడ ఉండగానే అది వచ్చి వెళ్ళిపోయింది. రావడం చూడలేదు. బావ ఒళ్ళు బొంగరంలా ఒక చుట్టు తిరిగింది. చేతి చివర పచ్చటి మేఘం. ఎడమచెయ్యి మెడకి అడ్డం పెట్టుకున్నాడు. దాని మీదకి మరొకటి వచ్చింది. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా చీరేసింది, తెల్లటివి ఏవో దారాల్లా బయటికి వేలాడాయి. ఇంకోటి ఈటెకున్న చేపని నడిమికి తెంపుకుపోయింది. అప్పుడు కొట్టాను. మూడు దెబ్బలు, మళ్ళీ మూడు, మళ్ళీ మూడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కొట్టాను.

తరవాత నేను చేసింది అంతా సరిగ్గానే చేశాను. దూకి చంకల కింద పట్టుకుని పైకి తెచ్చాను. ఈటెచేపలు తప్పుకుని దారిచ్చాయి, వాటి పని అయిపోయింది. నీళ్ళ మీదకి వచ్చాక పచ్చ కాస్తా ఎరుపయింది. పడవ చుట్టూ ఎరుపు. అక్క బావని జుట్టు పట్టి లోపలికి లాగింది. వేరే పట్టుకోవడానికి చోటు లేదు. మోకాళ్ళతో అతని చేతుల్ని నొక్కిపెట్టి, తాళ్ళతో మోచేతుల పైన బిగించి కట్టింది. ఒక్క వేలు వణకలేదు. కట్టడం పూర్తయ్యాక అతని మెళ్ళోంచి గొలుసు తీసి తన మెళ్ళో వేసుకుంది.

"చెయ్యి ఉందా?" అన్నాడు బావ.

"ఉంది. వేళ్ళు లేవు" అంది అక్క.

రేవుకి వచ్చేదాకా అక్క అతని మీంచి చూపు తిప్పి నన్ను చూడలేదు. నేను ఇంజను నడుపుతున్నాను. పడవ అడుగున నెత్తురూ నీళ్ళూ కలిసి అటూ ఇటూ పొర్లుతుంటే, చనిపోయిన చేపలు వాటితోపాటు దొర్లుతున్నాయి.

ఆసుపత్రిలో కుట్లు వేసిన నర్సమ్మ గట్టి మనిషి. కుడిచేతికి మూడు వేళ్ళు పోయాయని, ఎడమచేతి నరాలు తెగాయని, అది మళ్ళీ ముడుచుకోవడానికి ఏడాది పట్టొచ్చు, పట్టకపోవచ్చునని లోపలి డాక్టరు చెప్పిన మాటలు మాకు అప్పజెప్పింది. కుట్లు వేస్తున్నంతసేపు బావ పళ్ళు కొరుకుతున్న చప్పుడు వినిపించింది.

"మీవాళ్ళు జంటగా దిగుతారు కదా? పైన ఎవరూ లేరా?" అని నర్సమ్మ అడిగింది.

అక్క నా పక్కనే ఉంది.

బావ కళ్ళు మూసుకునే జవాబిచ్చాడు. "ఉన్నాడమ్మా, మా బామ్మర్ది. వాడు కొట్టాడు. నాకే వినపళ్ళేదు."

ఆ రోజు నుంచీ అక్కే అన్నీ చూసింది. సోమవారం వచ్చింది, వెళ్ళింది. అక్క కార్ఖానాకి వెళ్ళలేదు. అన్నం తినిపించింది, ముఖం కడిగింది, కట్లు మార్చింది. బావ చేతులు రెండూ తెల్లటి మూటల్లా ఒళ్ళో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చునేవాడు. తిట్టేవాడు కాదు. చెక్క గోడ అవతల నుంచి చెంచా చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. నేను హాయిగా నిద్రపోయాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ పన్నెండు రోజులూ నాకు సంతోషంగానే ఉంది. నా కోరిక తీరింది. మా అక్క మీద ఇక ఏ చెయ్యీ పడదు.

పదమూడో రోజు కుట్లు విప్పి, కొత్త కట్లు కట్టారు. ఇంటికి వచ్చాక అక్క తన బట్టలు సంచిలో సర్దుకుని ముందు గదిలోకి వచ్చింది.

"ఇదేంటక్కా?"

"చెప్పానుగా అప్పుడే, వెళ్తున్నానని. కుట్లు విప్పేదాకా ఆగాను. అంతే."

"ఇప్పుడెందుకు? బావ ఇక..." లోపలి గది వైపు చూశాను. "ఇక భయం లేదు కదా."

"భయం పోవడానికి వెళ్తున్నానని ఎవరన్నార్రా? చేతులు పోతే మనిషి మారాడా? నాకు ఆయన చేతులూ వద్దు, ఆయన నోరూ వద్దు."

"మరి బావని ఎవరు చూస్తారు?"

"నువ్వు."

సంచి కింద పెట్టి నా ఎదురుగా నిలబడింది. కన్ను కింద నలుపు ఇంకా పూర్తిగా పోలేదు.

"పడవలో కూర్చునే ఉన్నాను తమ్ముడూ. అద్దం పెట్టెలోంచి మీ ఇద్దర్నీ చూస్తూనే ఉన్నాను. చేపలు నాకు కనబడ్డాయి. నీ చెయ్యి కనబడింది. పడవ అడుక్కి చప్పుడు ఎప్పుడు వచ్చిందో నాకు తెలుసు. ముందు నెత్తురొచ్చింది, తరవాత చప్పుడొచ్చింది."

"నీ కోసమే అక్కా" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లాడి గొంతులా వినిపించింది.

అక్క కొట్టింది. చెంప మీద, చాచి. జీవితంలో మొదటిసారి. ఆ చెయ్యి రోజూ దుడ్డుకర్ర ఎత్తే చెయ్యి.

"నా కోసమా? నాలుగేళ్ళు గోడ అవతల కూర్చుని విన్నావు కదరా! బిందె పట్టుకుని నీ పక్కకొచ్చి నిలబడ్డానే, ఒక్క మాట అన్నావా? గుమ్మం దాకా వచ్చి చెయ్యి కడుక్కుని వెళ్ళావే! నా కోసమైతే ఆ గుమ్మం దాటి లోపలికొచ్చి, ఆయన్ని ఎదురుగా కొట్టి, నాలుగు దెబ్బలు తినేవాడివి. నాతోపాటు తినేవాడివి. అది చాతగాక, నీళ్ళలోకెళ్ళి చేప వెనక నక్కి కొట్టావా?"

అక్క వంగి సంచి అందుకుంది.

"నా పేరు చెప్పి చేశానని ఇంకెక్కడా అనకు. నేను అడగలేదు. ఆయన చేసినదానికి ఆయన్ని వదిలేసి వెళ్తున్నా. నువ్వు చేసినదాన్ని నువ్వు కూర్చుని చూసుకో."

సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది. కింద షెడ్డులో ఎవరో ఇంజను పరీక్షిస్తున్నారు, ఆ రొదలో అక్క అడుగుల చప్పుడు వినిపించలేదు. కిటికీలోంచి చూశాను. సందు మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

మధ్యాహ్నం అన్నం వండాను. సగం మాడింది. కంచంలో పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళాను. నాలుగేళ్ళలో ఆ గుమ్మం దాటడం అదే మొదటిసారి. గోడకి తల తగిలిన చోట చెక్క నొక్కుకుని నల్లబడి ఉంది. ఒక చోట కాదు, మూడు నాలుగు చోట్ల.

బావ అన్నీ వినే ఉంటాడు. గోడ సంగతి చెప్పాను కదా.

ఎదురుగా కూర్చుని ముద్ద కలిపి ఎత్తాను. బావ నోరు తెరవలేదు. నా ముఖంలోకే చూస్తున్నాడు.

"ఎన్ని ఊపిర్లురా?" అన్నాడు.

అర్థం కానట్టు ముఖం పెట్టాలని చూశాను. ముఖం మాట వినలేదు.

"మెడ మీద గొలుసు ఆడటం తెలిసింది నాకు. పైన నువ్వున్నావు కదా, చప్పుడు వస్తుందిలే అనుకున్నా. రాలేదు కాబట్టి ఇంకా టైముందనుకుని చెయ్యి పెట్టా. ఎన్ని ఊపిర్లు ఆగావు?"

"రెండు" అన్నాను.

ముద్ద చేతిలోనే ఉంది. మణికట్టు నొప్పి పుడుతోంది. బావ తన తెల్లటి మూటల వైపు చూసుకున్నాడు.

"మీ అక్కని నేను పెట్టిన బాధకి నన్ను చంపినా పాపం లేదు. అది నాకు తెలుసు. దానికి నీకేం జవాబు చెప్పను" అన్నాడు. "కానీ పైన నేనుంటే ఒక్కటి కూడా ఆగేవాణ్ణి కాదురా. నువ్వు ఏం చేసి దిగినా సరే."

ఆ మాట అబద్ధమైతే బాగుండునని ఎంత అనుకున్నానో చెప్పలేను. ఆ మనిషి నోట నేను విన్న అబద్ధాలు వందలున్నాయి. ఇది మాత్రం నిజం.

బావ నోరు తెరిచాడు. ముద్ద పెట్టాను. నమిలి మింగేదాకా ఆగి, రెండోది కలిపాను.